ప్రత్యేక విద్య: స్థలవివాదము, బోధనాసమస్య

సామాన్యమైన పాఠశాల సామాన్యుడైన బాలుని యుద్దేశించి కట్టబడినది. ఆ కట్టడమున ఒదుగని బాలుని — చూపు లేనివాడో, వినికిడి లేనివాడో, బుద్ధి నిదానముగా వికసించువాడో, అక్షరమునకును ధ్వనికిని ముడి పడనివాడో, తోడివారి మాటకంటె తిరుగుచున్న పంకానే ఎక్కువ శ్రద్ధతో చూచువాడో — ఏమి చేయవలెనను ప్రశ్ననుండి ప్రత్యేక విద్య యను శాస్త్రము పుట్టినది. పుట్టి రెండు శతాబ్దములు దాటినను, ఆ శాస్త్రము తన శక్తిలో అధికభాగమును రెండే వివాదములకు వెచ్చించినది: ఆ బాలుని ఏ పేర పిలువవలెను, ఎచ్చట కూర్చుండబెట్టవలెను. వానికి ప్రతిదినము ఏమి చెప్పవలెను, ఎవరు చెప్పవలెను, ఎంతకాలము విడువక చెప్పవలెను అను విషయము ఆ వివాదముల వెనుక మూలబడి యుండెను. గడచిన ఇరువది ముప్పది సంవత్సరములలో వెలువడిన పరిశోధనలను ఒకచోట చేర్చి చూచినచో, మూలబడిన ఆ విషయమే తక్కిన రెండింటికిని గీటురాయి యని నాకు తోచుచున్నది. అందులకు గల ఆధారములెట్టివో, మన దేశమున, అందును తెలుగునాట, దాని పర్యవసాన మెట్టిదో ఇచ్చట పరిశీలింతును.

పదునెనిమిదవ శతాబ్దమున పారిస్ నగరమందు ఎపే అను మతాచార్యుడు బధిరులకును, వాలంటైన్ హాయీ 1784లో అంధులకును పాఠశాలలు నెలకొల్పిన నాటినుండి, ఇట్టి పిల్లలకు వేఱు బడి యుండుటయే దయయనియు, వివేకమనియు లోకము తలంచెను. మనదేశమున 1887లో అమృతసరమున అంధులకు పాఠశాల తెఱచిన ఆనీ షార్ప్ మొదలగు మిషనరీలు ఆ పద్ధతినే తెచ్చిరి. వేఱు బడి యనగనే చెఱసాల యని యెంచు నేటి వాదులు ఒక ఋణమును మఱచుచున్నారు. ఆ పాఠశాలలే లేకున్నచో బధిరుల సంజ్ఞాభాష తరమునుండి తరమునకు అందెడిదికాదు. పారిస్ అంధపాఠశాల విద్యార్థియైన లూయీ బ్రెయిలీ పదునైదేండ్ల ప్రాయమున, 1824 నాటికి, తన చుక్కల లిపిని ఆ గోడలనడుమనే రూపొందించెను.

ఈ దృష్టి మాఱుటకు కారణము విద్యాశాస్త్రము కాదు, పౌరహక్కుల న్యాయశాస్త్రము. నల్లజాతి పిల్లలకు వేఱుబడి యుంచుట సమానత్వము కాజాలదని అమెరికా సర్వోన్నత న్యాయస్థానము 1954లో బ్రౌన్ వ్యాజ్యమున తీర్పు చెప్పగా, వికలాంగులైన పిల్లల తల్లిదండ్రులు ఆ తీర్పును తమ బిడ్డలకును అన్వయించి చదువుకొనిరి. 1968లో లాయిడ్ డన్ అను ప్రత్యేకవిద్యాచార్యుడు, తన శాస్త్రపు పునాదినే ప్రశ్నించుచు, స్వల్పమైన బుద్ధిమాంద్యము గలవారని ముద్రవేసి వేఱు తరగతులలో కూర్చుండబెట్టిన పిల్లలలో నూటికి అఱువది మొదలు ఎనుబదిమంది వఱకు పేదలు, నల్లవారు, వలసవచ్చినవారి బిడ్డలేయని తన యంచనాగా ప్రకటించి, ఈ తరగతులు ఎవరి మేలుకొఱకని యడిగెను. పెన్సిల్వేనియాలోను, వాషింగ్టన్ నగరమునను న్యాయస్థానములు బడినుండి తఱిమివేయబడిన పిల్లల పక్షమున నిలిచిన పిమ్మట, 1975లో అమెరికా శాసనసభ వికలాంగులందఱకును విద్యాహక్కును కల్పించు చట్టమును చేసెను. ప్రతి బాలునికిని లిఖితమైన వ్యక్తిగత విద్యాప్రణాళిక యుండవలెననియు, వాడు సాధ్యమైనంతవఱకు సాటిపిల్లల నడుమనే చదువవలెననియు ఆ చట్టపు రెండు స్తంభములు. అదనపు వ్యయములో కేంద్రము తన వంతుగా ఇత్తునన్నది సగటు విద్యార్థివ్యయమున నలువది శాతము. ఆ మాట నేటివఱకును నెఱవేఱలేదు.

తరువాతి చరిత్ర వేగముగా చెప్పవచ్చును. ఇటలీ 1977లో వేఱు తరగతులను రద్దుచేసెను. ఇంగ్లండులో మేరీ వార్నాక్ అధ్యక్షతను వెలువడిన 1978 నివేదిక వైకల్యముల పేర్లను ప్రక్కకు నెట్టి విద్యావసరములను ముందునకు తెచ్చెను. 1994 జూన్ మాసమున స్పెయిన్ దేశపు సలమాంకా నగరమున 92 ప్రభుత్వముల ప్రతినిధులు చేరి సహితవిద్యయే లోకమునకు మార్గమని ప్రకటించిరి. 2006 నాటి ఐక్యరాజ్యసమితి వికలాంగహక్కుల ఒడంబడిక దానిని హక్కుగా మార్చెను. ఆ ఒడంబడికను పర్యవేక్షించు సంఘము 2016లో ఇంకొక అడుగు ముందుకువేసి, సామాన్యపాఠశాలలు, ప్రత్యేకపాఠశాలలు అను రెండు వ్యవస్థలను ఏకకాలమున పోషించుట ఆ హక్కునకు విరుద్ధమనెను. ఇంత తీవ్రమైన వాక్యమునకు పరిశోధనాబలమెంత?

నిష్పక్షపాతముగా చూచినచో, ఆ బలము మితమైనది. 2022లో క్యాంప్‌బెల్ సంస్థ పక్షమున డెన్మార్కు పరిశోధకులు ఈ విషయమున లభ్యమైన అధ్యయనములను జల్లించి, వానిలో నమ్మదగినవానిని మాత్రమే కూర్చి లెక్కింపగా, సామాన్యతరగతిలో కూర్చుండుట వలన ప్రత్యేకావసరములు గల పిల్లల చదువునకుగాని, మనస్స్థితికిగాని సగటున చెప్పదగిన లాభమును కనబడలేదు, నష్టమును కనబడలేదు. సగటు అట్లున్నను, కొందఱకు మేలును కొందఱకు కీడును కలిగియుండవచ్చునని వారే హెచ్చరించిరి. మఱి సాటిపిల్లల మాటయేమి? పోలెండునకు చెందిన షుమ్‌స్కీ ప్రభృతులు 2017లో నలువదియేడు అధ్యయనములను సమీకరించి, సహితతరగతులలో చదివిన సామాన్యబాలురకు నష్టము లేకపోగా కొలదిపాటి మేలే కలిగినదని తేల్చిరి. అట్టివాడు తరగతిలో నుండినచో మా బిడ్డ చదువు పాడగునని ఫిర్యాదుచేయు తలిదండ్రులకును, ఆ ఫిర్యాదును సాకుగాజూపి ప్రవేశము నిరాకరించు ప్రైవేటు పాఠశాలలకును ఈ ఫలితమును అచ్చువేసి పంచిపెట్టవలసినది.

స్థలము ఇంత తటస్థమైనచో, ఫలమును నిర్ణయించునది ఏది? ఇందులకు అత్యంత స్పష్టమైన సాక్ష్యము ఒక అన్యాయమునుండి లభించినది. టెక్సస్ రాష్ట్రపు విద్యాశాఖ 2004లో, ఏ విద్యాజిల్లాలోనైనను ప్రత్యేకవిద్య పొందువారు మొత్తము విద్యార్థులలో 8.5 శాతమునకు మించకుండుట మేలను లక్ష్యమును, బహిరంగముగ చెప్పకయే, తనిఖీపట్టికలలో చొప్పించెను. జిల్లాలు ఆ సంఖ్యకు లోబడుటకై స్వల్పవైకల్యములుగల వేలాది పిల్లలకు సహాయమును నిలిపివేసెను. 2016లో ఒక హ్యూస్టన్ దినపత్రిక ఈ గుట్టును బయటపెట్టగా, 2018లో కేంద్ర విద్యాశాఖ ఇది చట్టోల్లంఘనమని నిర్ణయించెను. అర్థశాస్త్రజ్ఞులైన బాలిస్, హీత్ అను నిరువురు ఆ పిల్లల తరువాతి జీవితమును ప్రభుత్వపు లెక్కలలో వెదకి 2021లో ప్రకటించిన ఫలితమేమనగా, సహాయమును కోల్పోయినవారు ఉన్నతపాఠశాల ముగించుటయు, కళాశాలలో చేరుటయు గణనీయముగా తగ్గినది. వారిలో అధికసంఖ్యాకులు మునుపును సామాన్యతరగతిలోనే కూర్చుండిరి, పిదపను అచ్చటనే కూర్చుండిరి. మారినది పీట కాదు. ప్రక్కన వచ్చి చెప్పు మనిషి లేకపోవుట మాత్రమే.

సామాన్యపాఠశాలను పొగడిన వార్నాక్ మహాశయురాలే 2005లో ఒక లఘుగ్రంథమున, తాను ప్రేరేపించిన విధానము కొందఱు పిల్లలను జనసమ్మర్దమున ఒంటరులను చేసినదని బహిరంగముగా ఒప్పుకొనవలసి వచ్చెను. నేడు ఇంగ్లండు ఎదుర్కొనుచున్న సంకటము వేఱు విధమైనది. 2014 నాటి చట్టము న్యాయబద్ధమైన ప్రణాళికను హక్కుగా ఇచ్చుటతో, 2015లో రెండులక్షల నలువదివేలుగా నున్న ప్రణాళికలు 2024 నాటికి 5,76,000కు పెరిగినవి. వ్యయభారమున స్థానికసంస్థలు క్రుంగుచున్నవి. పిల్లల ఫలితములు మాత్రము మెఱుగుపడలేదని ఆ దేశపు జాతీయ ఆడిట్ కార్యాలయము 2024 అక్టోబరులో తేల్చినది. తరగతిగదిలో సహజముగా అందవలసిన చిన్నసహాయము అందనిచోట, తలిదండ్రులు పెద్దకాగితమును సంపాదించుటకై న్యాయాధికరణముల చుట్టును తిరుగుదురు. కాగితము పెరిగినకొలది బోధన పెరుగునను నమ్మకమునకు ఇంతకంటె ఖరీదైన పరీక్ష వేఱొకటి జరుగలేదు.

కాగితపు మాట వచ్చినది కావున, పేరుపెట్టు వివాదమునకు వత్తము. 1905లో బినే, సిమోన్ అను ఫ్రెంచి పండితులు పారిస్ పాఠశాలలలో వెనుకబడు పిల్లలకు సహాయము చేయదలచి రచించిన పరీక్ష, అమెరికా చేరి ప్రజ్ఞాలబ్ధి యను అంకెయై, ఒక్కొక్కప్పుడు జాతుల ఎక్కువతక్కువలకు కొలబద్దయై కూర్చుండెను. నల్లజాతి పిల్లలను ఆ పరీక్షతో మందబుద్ధుల తరగతులకు పంపరాదని 1979లో కాలిఫోర్నియాలో ఒక న్యాయమూర్తి తీర్పుచెప్పెను. అప్పటినుండి అల్పసంఖ్యాకులకు ముద్ర ఎక్కువగా పడుచున్నదని అందఱును నమ్ముచుండగా, 2015లో పాల్ మోర్గన్ ప్రభృతులు, పేదరికము, చదువులో వెనుకబాటు సమానముగానున్న పిల్లలను పోల్చినచో నల్లవారికి ముద్ర తక్కువగానే పడుచున్నదనియు, అనగా సహాయమే తక్కువగా అందుచున్నదనియు లెక్క చూపి పెద్ద కలకలము రేపిరి. వారి పద్ధతిని తప్పుపట్టినవారును సమర్థులే. ఆ వివాదము నేటికిని ముగియలేదు. కాని దాని మర్మము మనకు విలువైనది: పేరు సహాయమును తెచ్చుచోట పేరు లేకపోవుట అన్యాయము; పేరు బహిష్కారమును తెచ్చుచోట పేరు పడుటయే అన్యాయము.

మన దేశమున పేరు ఏమి తెచ్చుచున్నది? 2011 జనాభాలెక్కలు వికలాంగులను 2 కోట్ల 68 లక్షలుగా, అనగా జనాభాలో 2.21 శాతముగా గణించినవి. పాలంపూర్ కొండలకు నెలవైన కాంగ్డా, పల్వల్, ఢెంకానాల్, ఉత్తరగోవా, మన హైదరాబాదు — ఈ అయిదుచోట్ల రెండుమొదలు తొమ్మిదేండ్ల పిల్లలను ఇంటింటను పరీక్షించి 2018లో ప్రకటించిన అధ్యయనమున, నాడీవికాససంబంధమైన లోపములలో ఏదేనొకటి గలవారు ఆఱేండ్లలోపు పిల్లలలో ఆయా ప్రాంతములను బట్టి 2.9 శాతము మొదలు 18.7 శాతము వఱకును, ఆఱుమొదలు తొమ్మిదేండ్ల వారిలో 6.5 మొదలు 18.5 శాతము వఱకును కనబడిరి. గణకుడు గడపలో నిలిచి అడుగు ప్రశ్నకును, వైద్యుడు బిడ్డను ముందుంచుకొని చేయు పరీక్షకును గల అంతరమే ఇది. 2016 నాటి వికలాంగుల హక్కుల చట్టము గుర్తింపదగిన వైకల్యములను ఏడునుండి ఇరువదియొకటికి పెంచి, అభ్యసనవైకల్యమును, ఆటిజమును స్పష్టముగా చేర్చుట మంచిదే. అయితే మన రెండు రాష్ట్రములలోను ఒక బాలుని వైకల్యము చిరకాలము అధికారికమగుచు వచ్చినది వైకల్యమును నిర్ధారించు సదరం శిబిరముననే. ఉమ్మడి రాష్ట్రకాలమున మొదలైన ఆ పద్ధతి దళారులను కొంత తగ్గించిన మాట నిజము. కాని అచ్చట తేలునది ఒక శాతము. నలువది దాటినచో పింఛను, దాటకున్న లేదు. ఆంధ్రప్రదేశమున నెలకు 6,000 రూపాయలు, తెలంగాణమున 4,016 రూపాయలు అనునది పేదకుటుంబమునకు అల్పవిషయము కాదు. దానికొఱకు తల్లి బిడ్డను చంకనెత్తుకొని స్లాటుకై వేచియుండుటను నేను తప్పుపట్టను. నా అభ్యంతరము వేఱు. అఱువది శాతము బుద్ధిమాంద్యమని వ్రాసిన కాగితము, ఆ బాలునికి రేపు ఉదయము అంకెలు నేర్పవలెనా, చొక్కా గుండీలు పెట్టుకొనుట నేర్పవలెనా, నేర్పినచో ఏ మెట్టునుండి మొదలిడవలెనో చెప్పదు. అట్టి విషయమును చెప్పు పరీక్షాపట్టికలు సికింద్రాబాదు మనోవికాసనగరమున 1984లో వెలసిన జాతీయ మానసిక వికలాంగుల సంస్థ — నేడు మేధోవైకల్యముగల వ్యక్తుల సాధికారతా సంస్థయని పేరు మార్చుకొన్నది — ఏనాడో తయారుచేసియే యున్నది. భారతీయ కుటుంబములను దృష్టియందుంచుకొని ఆ సంస్థ రచించిన ప్రవర్తనామాపకములును, ఆటిజమును కొలుచుటకు చేసిన మాపకమును దేశమంతట వ్యాపించినవి. వానిని నింపుటకు గంటలు పట్టును. శాతము తేల్చుటకు నిమిషములు చాలును. శిబిరమున ఏది గెలుచునో ఊహింపవచ్చును.

అభ్యసనవైకల్యపు విషయమున చిక్కు ఇంకను లోతైనది. డిస్లెక్సియా గల పిల్లవానికి మూలలోపము కంటిలో లేదు, మాటలోని ధ్వనులను విడదీసి పట్టుకొను శక్తిలో నున్నదని గత నలువదేండ్ల పరిశోధన నిశ్చయించినది. కాని ఆ పరిశోధన సింహభాగము ఆంగ్లముపై జరిగినది. ఇరువదియాఱు అక్షరములు, వానికి చెప్పలేనన్ని ఉచ్చారణలు గల భాష యది. అక్షరములు వందలకొలది, ఉచ్చారణ మాత్రము నిలుకడగల భాష మనది. మన సోదరలిపియైన కన్నడమున సోనాలీ నాగ్ చేసిన అధ్యయనములనుబట్టి, గుణింతములు, ఒత్తులు కలిసిన సంపూర్ణ అక్షరజాలమును స్వాధీనము చేసికొనుటకు సామాన్యబాలురకును నాలుగైదు తరగతుల కాలము పట్టుచున్నది. ఇది తెలుగునకును వర్తించునని వేఱుగ చెప్పనక్కఱలేదు. అట్లైనచో రెండవ తరగతిలో ‘స్త్రీ’ అను మాటవద్ద తడబడిన పిల్లవాని యందు లోపమున్నదో, లిపి యందలి సహజమైన జాప్యమే కనబడుచున్నదో ఎట్లు తెలియును? ఆంగ్లలిపికై చేసిన కొలతలను అనువదించి తెచ్చుకొన్నచో తెలియదు. మానేసర్‌లోని జాతీయ మస్తిష్క పరిశోధనకేంద్రము హిందీ, మరాఠీ, కన్నడములలో డిస్లెక్సియా పరీక్షలను కూర్చిన తీరు తెలుగు విశ్వవిద్యాలయములకు ఆదర్శప్రాయము. దీనికితోడు, మన పల్లెపిల్లలు తఱచుగా తెలుగు చదువుట స్థిరపడకముందే ఆంగ్లమాధ్యమమునకు మరలుదురు. ఒక భాష పరిచయము లేకపోవుటకును, చదువుశక్తి లోపించుటకును భేదము అప్పుడు నిపుణునికిని అందదు.

ఇంకొక అడ్డంకి సంఖ్యాపరమైనది. ఇటీవలి అసర్ సర్వేలు చెప్పుచున్నట్లు, గ్రామీణభారతమున అయిదవతరగతి పిల్లలలో సగమునకు పైగా రెండవతరగతి వాచకమును చదువలేకున్నారు. బోధన అందక చదువలేనివారు ఇంతమంది యుండగా, బోధన అందియు చదువలేనివానిని వారిలోనుండి ఏరుట ఎట్లు? ఈ ప్రశ్నకు అమెరికా 2004 చట్టసవరణలో ఒక సమాధానమున్నది: ముందు అందఱకును మంచిబోధన చేయుడు, వెనుకబడినవారికి చిన్నజట్టులలో అదనముగా చెప్పుడు, అంతట కూడ కదలనివానినే లోపమున్నవానిగా పరిశీలింపుడు. అనగా బోధనయే పరీక్ష. ఈ యూహ నాకు మిక్కిలి నచ్చినది, కాని పక్షపాతమునకు లోబడి ఒక ప్రతికూలసాక్ష్యమును దాచుట న్యాయము కాదు. 2015లో ఆ దేశపు విద్యాపరిశోధనాసంస్థ పెద్దయెత్తున జరిపించిన మూల్యాంకనమున, ఒకటవతరగతిలో హద్దునకు కొలదిగా దిగువనుండి అదనపు సహాయమునకు ఎంపికైన పిల్లలు, హద్దునకు ఎగువనున్నవారికంటె చదువులో ఒకింత వెనుకబడిరి. కారణములు చర్చనీయములు: అదనపు పాఠము కొన్నిచోట్ల అసలు పాఠపు వేళనే హరించినదని యొకరు, అది పిల్లవాని అవసరమునకు పొందలేదని యొకరు. అదనపు సహాయమను పేరుగల ప్రతిదియు సహాయము కాదని మాత్రము దీనివలన రూఢియైనది. మన దేశమున 2018 మార్గదర్శకములు అభ్యసనవైకల్యపు సర్టిఫికెట్టును ఎనిమిదేండ్లు నిండిన తరువాతనే ఇయ్యవలెనని విధించినవి. వైద్యదృష్టితో అది జాగ్రత్తయే. అయితే సర్టిఫికెట్టు వచ్చువఱకు సహాయము చేయనక్కఱలేదని పాఠశాలలు దానికి వ్యాఖ్యానము చెప్పుకొన్నచో, చదువు నేర్పుటకు అత్యంత అనుకూలమైన మూడేండ్లు నిరీక్షణలోనే గడచిపోవును.

ఆటిజముపై వ్రాయబడుచున్నంత తక్కిన ఏ వైకల్యముపైనను నేడు వ్రాయబడుట లేదు, అమ్మబడుటయు లేదు. తల్లి ప్రేమలేమియే ఇందులకు కారణమని ఇరువదవ శతాబ్దపు నడుమ పండితులు చెప్పిన క్రూరమైన అసత్యమును గూర్చి ఇచ్చట విస్తరింపను. 1987లో లోవాస్ అను మనస్తత్త్వవేత్త, వారమునకు నలువదిగంటల ప్రవర్తనాశిక్షణ పొందిన పందొమ్మిదిమంది పిల్లలలో తొమ్మండుగురు సామాన్యస్థితికి వచ్చిరని ప్రకటించుటతో ఆశయు, ఆశను వెంబడించి వ్యాపారమును పెరిగినవి. 2020లో శాండ్‌బ్యాంక్ ప్రభృతులు చిన్నపిల్లలపై జరిగిన చికిత్సాధ్యయనములన్నిటిని కూర్చి, వానిలో నాణ్యము గలవానికే పరిమితమై చూచినప్పుడు, ప్రచారములో చెప్పబడు ఫలములలో పెక్కింటికి దృఢమైన ఆధారము మిగులలేదు. ఆట, సంభాషణల మధ్య సహజముగా నేర్పు పద్ధతులకు మాత్రము కొంత మెఱుగైన సాక్ష్యము నిలిచినది. మఱియొకవైపు, ఆటిజముతోనే పెరిగి పెద్దలైనవారు, తమను సామాన్యులవలె కనబడునట్లు తీర్చుటయే చికిత్సకు లక్ష్యముగా నుండుటను నిరసించుచున్నారు. ఈ నిరసన శాస్త్రమునకు వెలుపలిది కాదు, ఫలమనగా ఏమని అడుగుచున్నది కావున శాస్త్రమునకు మూలస్థానమందే తగులుచున్నది.

మనవంటి దేశములకు వీనియన్నిటికంటె ముఖ్యమైన పరిశోధన పెద్దగా ప్రచారమునకు రాలేదు. గోవాలోను, పాకిస్తానమందలి రావల్పిండిలోను, నిపుణులు కాని ఆరోగ్యకార్యకర్తలకు తర్ఫీదునిచ్చి, వారిచేత తల్లిదండ్రులకు నేర్పించి, తల్లిదండ్రులు ఆటిజముగల బిడ్డతో మాటాడు తీరును మార్చు ప్రయోగము 2016లో లాన్సెట్ సైకియాట్రీ పత్రికలో ప్రకటింపబడినది. పాల్గొన్న పిల్లలు అఱువదియైదుగురే. కాని చీటీవేసి రెండు జట్టులుగా విభజించి జరిపిన న్యాయమైన పరీక్ష యది. తల్లి బిడ్డకు స్పందించు తీరు మెఱుగుపడినది. బిడ్డ తనంతతాను సంభాషణకు మొదలిడుటయు పెరిగినది. హైదరాబాదు, విజయవాడ, విశాఖ నగరములలో వీధికొకటిగా వెలయుచున్న థెరపీ కేంద్రములలో గంటకింతయని చెల్లింపలేని కుటుంబమునకు, ఊరి ఆశా కార్యకర్తయో, అంగన్‌వాడీ టీచరో ఈ మాత్రము చేయవచ్చునను ఆశకు ఇది ఆధారము.

బధిరుల విషయమున స్థలవివాదము తలక్రిందులగును. 1880లో మిలాన్ నగరమున సమావేశమైన ఉపాధ్యాయులు, వారిలో బధిరులు దాదాపు లేకయే, సంజ్ఞలను బహిష్కరించి నోటిమాటనే నేర్పవలెనని తీర్మానింపగా, శతాబ్దమునకు పైగా బధిరబాలుర చేతులు కట్టుబడినవి. ఆ సమావేశపు వారసులు 2010లో వాంకూవర్ నగరమున విచారము ప్రకటించిరి. నడుమ 1960లో విలియమ్ స్టోకో సంజ్ఞాభాష సంపూర్ణవ్యాకరణముగల భాషయని నిరూపించి యుండెను. బధిరశిశువులలో నూటికి తొంబదిమందికి పైగా వినగల తలిదండ్రులకే పుట్టుదురు, ఆ యింట సంజ్ఞాభాష యెవరికిని రాదు, మాట వినబడదు, భాష లేకయే నాలుగైదేండ్లు గడచుచున్నవి. ఆ లోటు పిదప పూడ్చుట దుస్సాధ్యమని పరిశోధన చెప్పుచున్నది. అట్టివానిని ఊరిబడిలో నలువదిమంది వినగలవారి నడుమ కూర్చుండబెట్టుట సహితవిద్య యని పేరుపెట్టినంతమాత్రమున సహితమగునా? ఐక్యరాజ్యసమితి ఒడంబడిక కూడ ఈ పిల్లలకు భాషావికాసము గరిష్ఠముగా నుండు పరిసరమును కోరియున్నది. ఆరోగ్యశ్రీ పథకమున పసిపిల్లలకు కాక్లియర్ ఇంప్లాంటు శస్త్రచికిత్సను ప్రభుత్వమే భరించుట తెలుగునాట జరిగిన గొప్పకార్యము. కాని యంత్రము శబ్దమును తెచ్చును, భాషను తేదు. శస్త్రచికిత్స పిదప ఏండ్లతరబడి వినుట నేర్పవలెను. ఆ శిక్షణకు తల్లి జిల్లాకేంద్రమునకు వారమువారము రాలేక మానినచో, లక్షల వ్యయమైన పరికరము మూతబడిన పెట్టెలోనికి చేరును. 2015లో నెలకొన్న భారతీయ సంజ్ఞాభాషా పరిశోధనకేంద్రము పదివేల పదముల నిఘంటువును కూర్చినది. 2020 జాతీయవిద్యావిధానము ఆ భాషను దేశమంతట ప్రమాణీకరింపవలెనన్నది. నేర్పువారిని ప్రమాణీకరించుట తరువాయి.

ఏ త్రోవన వచ్చినను మనము ఉపాధ్యాయుని వద్దకే చేరుచున్నాము. ఢిల్లీ పాఠశాలలలో దాస్, కుయిని, దేశాయి అనువారు జరిపి 2013లో ప్రకటించిన పరిశీలనలో, సామాన్య ఉపాధ్యాయులలో దాదాపు డెబ్బదిశాతమునకు ప్రత్యేకవిద్యలో తర్ఫీదుగాని, అట్టి పిల్లలకు బోధించిన అనుభవముగాని లేదు. ఎనుబదియేడుశాతమునకు తరగతిలో ఎట్టి తోడ్పాటును లేదు. రాజధానియందే యిట్లుండ, ఏజెన్సీ గ్రామపు ఏకోపాధ్యాయ పాఠశాలను గూర్చి చెప్పనేల? యునెస్కో 2019 నివేదిక ప్రకారము పందొమ్మిదేండ్ల వఱకుగల వికలాంగబాలురు డెబ్బదియెనిమిది లక్షలకు పైబడియుండగా, వారిలో అయిదుమొదలు పందొమ్మిదేండ్లవారిలో ఇరువదియేడు శాతము ఏ విద్యాలయపు గడపను తొక్కనేలేదు. అయిదేండ్ల వయస్సున నాలుగింట మూడువంతులు ఇంటనే యున్నారు.

తెలుగు రాష్ట్రములలో ఈ భారమును ఇన్నాళ్లును మోసినవారు మండలకేంద్రములలో ఇట్టి పిల్లలకై నెలకొన్న భవిత కేంద్రములును, అందు పనిచేయు సహితవిద్యా వనరువ్యక్తులగు ఐ.ఇ.ఆర్.పి. లును. ఒకే వ్యక్తి సెరిబ్రల్ పాల్సీ గల బిడ్డకు, చూపులేని బిడ్డకు, మాటరాని బిడ్డకు బోధించుచు, ఊళ్ల పాఠశాలలు తిరుగుచు, మంచముపైనున్నవారి ఇండ్లకు పోవుచు, ఉపకరణముల శిబిరములకు జాబితాలు తయారుచేయుచు, ఏడాదికేడాది కాంట్రాక్టు పొడిగింపునకై ఎదురుచూచుచు పనిచేయుచున్నాడు. బోధనలోని నిలుకడయే ఈ పిల్లల మందు. ఆ మందును ఇచ్చువానికే నిలుకడ లేదు. సర్వోన్నత న్యాయస్థానము 2021 అక్టోబరులో రజనీశ్ కుమార్ పాండే వ్యాజ్యమున, ప్రాథమికస్థాయిలో పదిమందికి, పైస్థాయిలో పదునైదుగురికి ఒక ప్రత్యేకోపాధ్యాయుడు చొప్పున ఉండవలెనని నిర్ణయించెను. రాష్ట్రములు కదలకుండుట చూచి, 2025 మార్చిలో శాశ్వతపదవులను ప్రకటించి నియామకములు చేయుడని మఱల ఆదేశించెను. తెలంగాణ 2024 డీఎస్సీలో 220 స్కూలు అసిస్టెంటు, 796 ఎస్.జి.టి. పదవులను ప్రత్యేకవిద్యకు కేటాయించినది. ఆంధ్రప్రదేశ్ 2025లో 2,260 పదవులను మంజూరుచేసినది. విద్యావేత్తలు సెమినార్లలో సాధింపలేనిదానిని ఒక వ్యాజ్యము సాధించినది. ఈ శాస్త్రపు చరిత్రలో ఇది క్రొత్తయు కాదు. ఈ సంఖ్యలు లెక్కకు చాలవు. అయినను పదవి శాశ్వతమగుట మొదటి షరతు. రెండవది ఆ పదవిలోని మనిషి యేమి చేయవలెననునది. అతనిని సెలవుపెట్టిన ఉపాధ్యాయుని తరగతికి, ఎన్నికల జాబితాలకు, మధ్యాహ్నభోజనపు లెక్కలకు వాడుకొనుట మొదలైనచో, రజనీశ్ పాండే తీర్పు హాజరుపట్టికలో సంతకముగా మిగులును.

ఇక విద్యాహక్కు చట్టపు 2012 సవరణము ననుసరించి తీవ్రవైకల్యముగల పిల్లలకు ఇంటియొద్దనే చదువు చెప్పవచ్చును. పట్టికలలో వారందఱు చేరినవారే. వారానికో, పక్షమునకో ఒక గంట వచ్చిపోవు ఉపాధ్యాయుని వలన ఏమి మాఱుచున్నదో కొలుచు అధ్యయనమును ఒక జిల్లాలోనైనను ఒక విశ్వవిద్యాలయము అయిదేండ్లు నడపినచో, విదేశపు సమీకరణలు పది చదువుటకంటె మనకు ఉపకరించును. అంతకుమించి, ఈ పిల్లలు పెద్దలైన తరువాతి సంగతి. అమెరికాలో 1980లలో మొదలిడి మూడుసారులు వేలకొలది ప్రత్యేకవిద్యార్థులను బడి విడిచినపిదప ఏండ్లతరబడి వెంబడించి చూచిరి. బడిలో నుండగనే జీతమునకు పనిచేసిన అనుభవముగలవారికి తరువాత ఉద్యోగము దొరకు అవకాశము హెచ్చుగానున్నదని ఆ అధ్యయనములనుండియు, తత్సంబంధమైన పరిశోధనలనుండియు తేలినది. మన 2016 నాటి చట్టము ఉచితవిద్యను పదునెనిమిదేండ్ల వఱకు ఇచ్చుచున్నది, పాఠశాలల సమాచారమును కూర్చు మన యూడైస్ లెక్కయు బాలుడు బడిలో నున్నంతవఱకే నడచుచున్నది. తొమ్మిదవ తరగతి భవిత విద్యార్థిని వారమునకు రెండు పూటలు ఊరిలోని టైలరు దుకాణములోనో, జిరాక్సు కొట్టులోనో, మండల కార్యాలయములోనో పనికి కుదిర్చి, ప్రక్కన ఐ.ఇ.ఆర్.పి. నిలిచి నేర్పుటకు క్రొత్త చట్టమేమియు అక్కఱలేదు; ఆ పూటలను బోధనగా లెక్కవేయుటకు జిల్లా విద్యాధికారి ఉత్తరువు ఒకటి చాలును.